హెర్సిలియా లుకుమీ ఎడమ కాలు

ముందు చీపురు చప్పుడు వినబడింది. ఇల్లు ఊడ్చే మెత్తని చప్పుడులా లేదది. పొడి కొమ్మల చీపురు నేలను గోళ్ళతో గీరి, కాసేపు ఊపిరి పీల్చుకుని, మళ్ళీ గీరుతున్నట్టుంది. చాక్లెట్ గింజలు కాసే కకావో చెట్ల కింద ఇంకా పూర్తిగా తెల్లారలేదు. చక్కెర మిల్లువాళ్ళు కోతకు ముందు చెరకు తోటలు తగలబెట్టిన రోజు కాబట్టి గాలిలోంచి మసి దిగుతోంది. తొందర లేని నల్లటి ఈకల్లా ఆరేసిన దుప్పటి మీద, కోళ్ళ వీపుల మీద, అరటాకుల మీద వాలుతోంది. గువాసిమాల్ ఊళ్ళో ఆ చీపురు చప్పుడు అర్థమైనవాళ్ళెవరూ ఆ గుమ్మం ముందు నుంచి నడవలేదు. జున్ను రొట్టెలమ్మే ఆమె కూడా సైకిలు దిగి, కాలవ గట్టు మీదుగా చుట్టు తిరిగి పోయింది.

తర్వాత మనిషి కనబడింది. తలకు పసుపుపచ్చ గుడ్డ, ఒంటి మీద వెలిసిపోయిన గౌను, ఒట్టి పాదాలు. అరవై ఎనిమిదేళ్ళ హెర్సిలియా లుకుమీ. పంతొమ్మిదేళ్ళు చెరకు కొట్టిన ఆ భుజాలు ఇప్పటికీ గుమ్మంలో నిలబడితే వెలుతురును అడ్డుకుంటాయి. ఆమె ఊడుస్తున్న పెరట్లో చెత్త లేదు. ఆకు లేదు, పుల్ల లేదు. నిన్న సాయంత్రం ఒంటరిగా సాధన చేసినప్పుడు దుమ్ములో పడిన తన పాదాల గుర్తుల్ని ఆమె చెరిపేస్తోంది.

గ్రిమా అనే కత్తిసాము నేర్పే ఇళ్ళలో అది నియమం. కుడిచేతిలో మచ్చుకత్తి, ఎడమచేతిలో కర్ర ఉంటాయి గాని, విద్య ఉండేది కాళ్ళలో. ఎదుటివాడి దెబ్బకు ఏ పాదం ఎటు జరిగి ఎక్కడ ఆగాలన్నదే నిలుపు. ఒక్కో గురువు పరంపరకు ఇన్నేసి నిలుపులని ఉంటాయి. హెర్సిలియా పరంపరకు ఇరవై ఎనిమిది. దుమ్ములో కాలు పెట్టడమంటే నిలుపును నేల మీద రాసిపెట్టడమే. కళ్ళున్నవాడు ఎవడైనా చదువుకుని పోగలడు. అందుకే సాధన ముగిసిన వెంటనే గురువే చీపురు పట్టాలి. ఆ చీపురు ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు.

నిన్న మాత్రం ఊడ్చే ఓపిక ఆమెకు లేకపోయింది. అరుగు మీద రాయి కింద పెట్టిన కాగితం ఆ ఓపికను తినేసింది.

నగరంలోని సంప్రదాయ యుద్ధవిద్యల శిక్షకుల కేంద్రం పంపిన కాగితం అది. సోమవారం నుంచి పట్టా ఉన్న శిక్షకులు మాత్రమే బడుల్లో నేర్పాలి. పోయిన నెల ఒకమ్మాయి వచ్చి వీడియో తీసుకుపోయిందే, దాన్నిబట్టి హెర్సిలియాకు ఇరవై ఏడు నిలుపులు సరిపోయాయి. పంతొమ్మిదోది అసంపూర్ణం. గురువారం మధ్యాహ్నం పరీక్షకులు బడికే వస్తారు, ఇంకొక్క అవకాశం ఇస్తారు. అదీ తప్పితే, ఇరవై రెండేళ్ళుగా ప్రతి మంగళవారం, ప్రతి గురువారం ఆమె ముందు వరసలో నిలబడిన బడి పిల్లలు ఇంకొకరి ముందు నిలబడతారు.

"అసంపూర్ణమంట," అంది కోళ్ళతో. "నాది. పంతొమ్మిదోది."

కోళ్ళు మసి పొడుచుకుని చూసి వదిలేశాయి.

పంతొమ్మిదో నిలుపు నేర్చుకోవడానికి ఆమెకు ఒక వానాకాలం మొత్తం పట్టింది. పదహారేళ్ళప్పుడు. నేర్పింది బాప్తిస్మమప్పుడు ఆమెను ఎత్తుకున్న జ్ఞానతండ్రి సతూరియో వియాఫరా. ఆయన మొదట ఆమెను శిష్యురాలిగా చేర్చుకోవడానికే ఒప్పుకోలేదు.

"ఆడపిల్ల చేతికి కత్తిస్తే అన్నం ఎవరొండుతారే?" అన్నాడు.

"మీ చేతిలో కత్తుందిగా, మీ ఆకలి ఆగుతోందా?" అంది ఆమె.

ఆయన నవ్వలేదు. బొగ్గుతో నేల మీద ఒక గీత గీసి, దాని మీద నడవమన్నాడు. ఏడాది పాటు నడిపించాడు. కత్తి లేదు, కర్ర లేదు. గీత, దాని మీద ఒక పిల్ల. మగపిల్లలు కంచె మీద కూర్చుని ఈలలు వేసేవాళ్ళు. రెండో ఏడు కర్ర చేతికొచ్చాక, ఈల వేసినవాళ్ళలో ఇద్దరికి ముందుపళ్ళు కదిలాయి.

తొమ్మిదేళ్ళ తర్వాత ఒక ఆదివారం సతూరియో ఆమె కళ్ళకు గంతలు కట్టి పెరట్లో నిలబెట్టాడు. శిష్యులంతా ఒకరి తర్వాత ఒకరు కొట్టారు. ఆమె గాలిని విని ఆపింది. పదిమందో పన్నెండుమందో అయ్యాక, ఇంకో దెబ్బ వచ్చింది. అది ఎవరిదో ఆ బరువును బట్టే ఆమెకు తెలిసింది. దాన్నీ ఆపింది. గంతలు విప్పేసరికి ముసలాయన తన కర్ర ఆమె చేతిలో పెట్టి, ఆమె కర్ర తను తీసుకున్నాడు. ఇద్దరూ ఒకే కంచంలో ఒకే చెంచాతో చేపల పులుసు తాగారు. ఊరు చూసింది. అంతే పట్టా. ఆ రోజు నుంచి ఆమె గురువు. చెంచా కింద పెడుతూ ఆయన ఒకే మాట చెప్పాడు: "చీపురు ఎవరికీ ఇవ్వకు."

ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు ఆమె మిల్లు చెరకు కొట్టింది, మోసింది. పొద్దున చెరకు, సాయంత్రం పెరట్లో శిష్యులు. ఒకసారి ఊరి బడిలో ఇద్దరు పిల్లలు బూట్ల జత కోసం పెన్సిలు చెక్కే బ్లేడుతో ముఖాలు కోసుకుంటే, పంతులమ్మ నూబియా పొసూ పరుగెత్తుకుంటూ వచ్చింది. "అక్కా, వీళ్ళ చేతులకి ఏదన్నా పని నేర్పించు, లేకపోతే ఒకళ్ళనొకళ్ళు చంపుకుంటారు," అని ఏడ్చింది. హెర్సిలియా ఆ ఇద్దరికీ చెక్కకత్తులు ఇచ్చి, మూడు నెలలు కొట్టనివ్వకుండా నడిపించింది. బడిలో ఆమె పని అలా మొదలైంది. ఎవరూ కాగితం అడగలేదు.

చీపురు ఇంకా గీరుతుండగానే, ఆ బుధవారం పొద్దున ఏడు గంటలకు బెలార్మినో అరరాత్ వచ్చాడు. నదికి అవతలి ఊరి గురువు. డెబ్బై నాలుగేళ్ళు, తెల్ల టోపీ, ఒక మోకాలు వంగదు. చొక్కా లోపల ఏదో అట్టలా ఎత్తుగా ఉంది.

"ఏమ్మా, నేలేం పాపం చేసింది?"

"నువ్వు చేసిన పాపాలకి నేలని కొడుతున్నా. కూర్చో."

"నాకొచ్చింది చూడు." చొక్కాలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. "పట్టా. బంగారు ముద్ర. పేరు దగ్గర కొంచెం తప్పు పడింది, బెలార్మినా అని కొట్టారు. ఈ వయసులో నన్ను ఆడదాన్ని చేశారు. పోనీలే, ముద్ర మాత్రం బాగుంది."

"మీ ఆవిడ ఒప్పుకుందా?"

"వంట నేర్చుకో మరి అంది."

ఆమె నవ్వలేదు. చీపురును గోడకు ఆనించి అరుగు మీద కూర్చుంది. "పంతొమ్మిదోది ఎట్లా చేశావు?"

"పుస్తకంలో ఉన్నట్టే చేశా."

"ఏం పుస్తకం?"

బెలార్మినో ఆశ్చర్యపోయాడు. "నీకు ఇవ్వలేదా? మాకు పది రోజుల శిక్షణలో ఇచ్చారుగా. నీ పుస్తకమే అది. నీ పరంపరే. అన్ని ఊళ్ళవాళ్ళూ ఇప్పుడు అదే నేర్చుకోవాలంట. నీకు చెప్పే రాశారనుకున్నా నేను."

అతని సంచిలోంచి పుస్తకం బయటికొచ్చింది. నున్నటి కాగితం. అట్ట మీద రాసినవాడి పేరు: ఫాబర్ కరబలీ. వెనక అట్ట మీద, కింది మూలన, చక్కెర మిల్లు గుర్తు.

ఫాబర్ ఆమె శిష్యుడు. తొమ్మిదేళ్ళ కిందట వ్యాయామ విద్యలో డిగ్రీ పట్టుకుని, ఉద్యోగం లేక, పాతికేళ్ళ వయసులో ఈ పెరటికి వచ్చాడు. మంచి కాళ్ళు. ఓపిక ఎక్కువ, మాట తక్కువ. మూడేళ్ళున్నాడు. ఆరో నెలలోనే అన్నీ చూపించమని అడగలేదు, అదే అతనిలో ఆమెకు నచ్చింది. తర్వాత నగరంలో ఉద్యోగం వచ్చిందని వెళ్ళిపోయాడు. అప్పటికింకా ఆమె అతనితో కర్ర మార్చుకోలేదు.

పుస్తకంలో ప్రతి పేజీలో పాదాలు. కుడిపాదం నలుపు, ఎడమపాదం తెలుపు. ఒకటి, రెండు, ఏడు, పన్నెండు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. తన దుమ్ము మీద నుంచి ఎత్తి కాగితం మీద పెట్టినట్టే ఉన్నాయి. పంతొమ్మిదో పేజీలో తెల్లటి ఎడమపాదానికి వెనకాల పొడుగ్గా తోక ఉంది.

"ఇదేంటి?"

"ఈడ్చడం. ఎడమకాలిని అరడుగు ఈడ్చుకుంటూ తెచ్చి కుడికాలి ముందు నిలపాలి. నాకు ఎట్లాగూ మోకాలు లేవదు కదా, సుఖంగా అయిపోయింది. నీ పరంపర ఇంత సుఖమని తెలిస్తే ఎప్పుడో నీ దగ్గర చేరేవాణ్ణి."

"కింద ఏం రాశాడు?"

బెలార్మినో కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. "బానిస కాలంలో మన పూర్వీకుల ఎడమ చీలమండకు గొలుసు ఉండేది. ఆ గొలుసు బరువు తరతరాలుగా ఈ నిలుపులో నిలిచి ఉంది. ఈ ఈడ్పు మన నేల జ్ఞాపకం." అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇది చదివినప్పుడు మా తరగతిలో అందరం ఏడ్చామమ్మా. ఆ కేంద్రం డాక్టరమ్మ కూడా ఏడ్చింది."

హెర్సిలియా పుస్తకాన్ని నేల మీద పెట్టింది. పక్కన తన ఎడమ పాదం పెట్టింది. చాలాసేపు చూసింది. మసి దిగుతూనే ఉంది. ఆమె మెడ నరాలు ఒక్కొక్కటే పైకి రావడం బెలార్మినో చూశాడు. అతను టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, చావు ఇంట్లో కూర్చున్నట్టు.

"ఇది నా తుంటి," అంది ఆమె.

"ఏంటమ్మా?"

"గొలుసు లేదు, గిలుసు లేదు. ఇది నా తుంటి!"

ఏడేళ్ళ కిందట ఆమె ఎడమ తుంటి అరిగిపోయింది. కాలీ నగరంలో ఆపరేషను చేసేదాకా ఎనిమిది నెలలు కాలు లేవలేదు. మిగతా నిలుపులన్నిటిలో ఎడమపాదం నేలను ఆనుకునే జరుగుతుంది కాబట్టి తేడా తెలియలేదు. పంతొమ్మిదోది ఒక్కటే వేరు. పైనుంచి దెబ్బ దిగుతున్నప్పుడు ఎడమకాలిని తుంటి నుంచి పైకెత్తి, కుడికాలి మీదుగా దాటించి, చప్పుడు లేకుండా దించాలి. ఆ ఎనిమిది నెలలూ ఆమె ఎత్తలేక ఈడ్చింది. వంగలేక చీపురు ఫాబర్ చేతికి ఇచ్చింది. అతను రోజూ ఊడ్చేవాడు. ఊడ్చే ముందు ఫోను తీసేవాడు. ఏంటని ఒకసారి అడిగితే, సాయంకాలపు వెలుతురు బాగుంది మాయెస్త్రా అన్నాడు. ఇక్కడ శిష్యులు గురువును అలాగే పిలుస్తారు. తోటల మీద ఆ వెలుతురు నిజంగానే బాగుండేది. ఆమె కూడా అటే చూసింది.

"నోటితో చెప్పా వాడికి," అంది. "ఎత్తాలిరా, నేను ఎత్తలేకపోతున్నా, నువ్వు ఎత్తు అని. వాడు ఎత్తేవాడు కూడా. తర్వాత మర్చిపోయి ఆ ఫొటోల్లో దుమ్ము చూసి రాసుకున్నాడు. మనిషి మాట కంటే దుమ్ము ఎక్కువైపోయింది వాడికి."

"పోనీ రేపు ఈడ్చెయ్యరాదా," అన్నాడు బెలార్మినో నెమ్మదిగా. "అరడుగు. నీ పిల్లలు నీకుంటారు."

"ఈడిస్తే ఏమవుద్దో నీకు తెలీదా?"

అతను టోపీ అంచు తిప్పాడు. "తెలుసు. చీలమండ దొరికిపోద్ది. కానీ ఇప్పుడెవరు కత్తులతో కొట్టుకుంటున్నారమ్మా? చెక్కకత్తులేగా."

"అయితే తప్పు నేర్పినా ఫర్వాలేదంటావు. చెక్కేగా. పిల్లలేగా. నల్లపిల్లలేగా, చెరకు పిల్లలేగా. అంతేనా?"

"నేనట్లా అన్లేదు."

"ఆ పట్టా లోపల పెట్టుకో బెలార్మినా. మసి పడుతోంది."

గురువారం రెండు గంటలకు బడి సిమెంటు గచ్చు పెనంలా కాలుతోంది. రేకుల కప్పు కింద బల్ల, బల్ల వెనక డాక్టర్ మార్సెలా ఉరూతియా. వైద్యం చేసే డాక్టరు కాదు. పెద్ద చదువు చదివిన ఆఫీసరు కాబట్టి అందరూ అలా పిలుస్తారు. పక్కన కెమెరా పట్టుకున్న అమ్మాయి. ఇంకోపక్క ఫాబర్ కరబలీ, తెల్ల చొక్కా మీద కేంద్రం ముద్రతో. ముద్రలో ఒక పాదం, దాని చుట్టూ గొలుసు. పిల్లలు ప్రహరీ మీద కాకుల్లా కూర్చున్నారు. నూబియా పంతులమ్మ తరగతి గుమ్మంలో నిలబడి చేతిగుడ్డ నలుపుతోంది.

హెర్సిలియా తెల్ల గౌను వేసుకుని, కర్రతో, చెక్కకత్తితో వచ్చింది. ఫాబర్ లేచి ఎదురు వచ్చాడు. చెంప మీద ముద్దు పెట్టబోతే ఆమె చెంప ఇవ్వలేదు.

"మాయెస్త్రా, ఒక్క నిమిషం." గోడవారకు తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. "ఒక్కసారి ఈడ్చండి. నేనే సంతకం పెడతాను. అయిపోతుంది. సోమవారం నుంచి మీ పిల్లలు మీ దగ్గరే ఉంటారు."

"నేనెందుకు ఈడ్చానో నీకు తెలీదారా?"

అతను నేల చూశాడు. "అచ్చయ్యాక గుర్తొచ్చింది."

"గుర్తొచ్చి?"

"రెండు వేల పుస్తకాలు పంచేశారు. నగరంలో గోడ మీద బొమ్మ వేశారు. నలభై మంది శిక్షకులు నేర్చుకుని వెళ్ళిపోయారు. ఇప్పుడు తప్పని చెబితే కేంద్రం మూసేస్తారు. గ్రిమాకి ఇన్నాళ్ళకి ఒక కేంద్రం వచ్చింది మాయెస్త్రా. దాన్ని నా నోటితో ఎలా..."

"గొలుసని ఎవడు చెప్పాడు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. మీరు ఈడ్చేటప్పుడు మీ ముఖం చూశాను. అంత బాధ మామూలుది కాదనిపించింది. అదేదో చాలా పాతదనిపించింది."

ఆమె అతన్ని చూసింది. ఒక క్షణం జాలి లాంటిది వచ్చి, నిలవడానికి చోటు దొరక్క వెళ్ళిపోయింది.

"మామూలుదేరా వెధవా. ఎముక అరిగింది. మిల్లువాడి చెరకు మోసి అరిగింది. అది రాయి చూద్దాం నీ పుస్తకంలో. రాస్తే వెనకట్ట మీద ఆ మిల్లు గుర్తు ఉంటుందేమో చూద్దాం!"

చివరి మాటలు గచ్చు మొత్తం వినబడ్డాయి. డాక్టరమ్మ కాగితాలు సర్దుకుంది. "సెన్యోరా, మొదలుపెడదామా?"

"పెడదాం. నాకు ఎదురు ఒక మనిషి కావాలి. ఫాబర్ నిలబడతాడు."

ఫాబర్ బల్ల వైపు చూశాడు. డాక్టరమ్మ తలూపింది. కెమెరా తిరిగింది.

"పంతొమ్మిది," అంది హెర్సిలియా. "నీ పుస్తకంలో ఉన్నట్టు నిలబడు."

ఆమె చెక్కకత్తి పైనుంచి దిగింది. ఫాబర్ కత్తిని చక్కగానే ఆపాడు. ఎడమకాలు గచ్చు మీద బరబరా ఈడ్చుకుంటూ వచ్చింది. అది కుడికాలిని చేరే లోపలే ఆమె కర్ర కింద నుంచి వచ్చి అతని చీలమండ మీద టక్కున తగిలింది.

"మళ్ళీ."

అతను నిలబడ్డాడు. కత్తి దిగింది. అతని కాలు ఈడ్చుకొచ్చింది. టక్.

"మళ్ళీ!"

మూడోసారి కర్ర తగిలాక అతను ఒంటికాలి మీద గెంతాడు. ప్రహరీ మీద నవ్వు పేలింది. హెర్సిలియా గిర్రున తిరిగింది.

"నవ్వకండి! సోమవారం నుంచి అది మీ కాలు."

నవ్వు ఆగిపోయింది. రేకుల మీద ఎండ చిటపటలాడటం వినబడింది.

"పరీక్షకుణ్ణి కొట్టడం పరీక్షలో భాగం కాదు," అంది డాక్టరమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. ఇంకా రెండు ఊళ్ళకు వెళ్ళాలి. "ఇక్కడ ఒకటే గడి ఉంది సెన్యోరా. పుస్తకం ప్రకారం నిలుపు చూపించారా, లేదా. మీ అభిప్రాయాలకి గడి లేదు."

"ఆ పుస్తకంలో ఉన్నది నా రోగమమ్మా. నా రోగాన్ని నన్నే నటించమంటావా?"

"అక్కా," అంది నూబియా గుమ్మంలోంచి, ఏడుపు గొంతుతో. "అరడుగేగా అక్కా. ఆనక నువ్వు పిల్లలకి ఎట్లా కావాలంటే అట్లా నేర్పుకో. ఎవడు చూస్తాడు?"

ఆ మాట ఆమెకు తగిలింది. నిజమే. ఎవరు చూస్తారు? ఒక్కసారి ఈడ్చి, సంతకం తీసుకుని, మంగళవారం పొద్దున ఇదే గచ్చు మీద పిల్లల కాళ్ళు ఎత్తించవచ్చు. ఆమె ప్రహరీ వైపు చూసింది. ముప్పై నాలుగు జతల కళ్ళు ఆమె ముఖం మీద లేవు. అన్నీ ఆమె ఎడమ పాదం మీదే ఉన్నాయి. ఆమే నేర్పింది వాళ్ళకి, మనిషి ముఖం అబద్ధం చెప్పగలదు, పాదాన్ని చూడండి అని.

ఆమె నిలబడింది. కత్తి పైకి లేచింది. ఎడమకాలు తుంటి నుంచి కదిలింది. వరద తగ్గిన పాలో నదిలో నిలబడ్డ కొంగ నీటికి తెలియకుండా కాలు తీసినట్టు, పైకి, ఇంకొంచెం పైకి లేచింది. డాక్టర్లు వేసిన ఇనుము లోపల ఎక్కడో చల్లగా తిరిగింది. కాలు దాటింది. దిగింది. కాలుతున్న గచ్చు మీద ఏ చప్పుడూ కాలేదు.

డాక్టరమ్మ తప్పిందని గడిలో అడ్డగీత వేసి కాగితం ఫాబర్ వైపు జరిపింది. అతని సంతకం కూడా కావాలి. హెర్సిలియా అతన్నే చూస్తూ నిలబడింది. కుంటుతూ బల్ల దగ్గరికి వచ్చాడు. కలం పట్టుకున్నాడు. చాలాసేపేమీ పట్టలేదు. వంగి, అడ్డగీత కింద తన పేరు రాశాడు.

సోమవారం కొత్త శిక్షకుడు వచ్చాడు. ఇరవై మూడేళ్ళవాడు, మర్యాదస్తుడు. ఆమె ఇంటికి వచ్చి నమస్కారం పెట్టి, "మీ పరంపరే నేర్పుతున్నాను మాయెస్త్రా," అని గర్వంగా చెప్పాడు. ఆమె అతన్ని తిట్టలేదు. తలుపు వేసింది. పట్టా ఉన్న తరగతికి వెళ్ళే పిల్లలకు మిల్లువాళ్ళు పాలు, బిస్కెట్లు ఇస్తున్నారు కాబట్టి అందరూ అక్కడికి వెళ్తున్నారు, ముప్పై నాలుగు మందిలో పదకొండు మందే బడి అయ్యాక పెరట్లోకి కూడా వస్తున్నారు. వాళ్ళ ఎడమకాళ్ళు అప్పుడే ఈడ్చడం మొదలుపెట్టాయి. ఆమె కర్రతో ఆ పిక్కల మీద తడుతుంది. ఎత్తండి అంటుంది. గచ్చు మీద ఒకటి, దుమ్ములో ఒకటి నేర్చుకుంటున్న ఆ కాళ్ళు మధ్యలో ఆగి, ఏది నిజమని అడిగినట్టు ఆమె వైపు తిరుగుతాయి. అప్పుడు ఆమెకు వచ్చే కోపం ఫాబర్ మీదనో, డాక్టరమ్మ మీదనో వచ్చేది కాదు. దానికి ముఖం ఉండదు. సాయంత్రమంతా పెరట్లో తిరిగి, ఎక్కడా కూర్చోదు. కొన్నిసార్లు అది సూటిగా ఆమె మీదికే వస్తుంది. తుంటి అరిగినా సరే, మోకాళ్ళ మీద పాకుతూ అయినా సరే, ఆ ఎనిమిది నెలలూ తనే ఊడ్చుకుని ఉండాల్సింది.

ఈ సంగతులన్నీ రాసుకోవడానికి వచ్చిన మనిషికి ఆమె మూడు పూటలు అన్నం పెట్టింది, మూడు పూటలూ కోప్పడింది. ఒక్క మాట కూడా మెత్తగా రాయొద్దంది. నగరంలో అచ్చయ్యే కాగితంలో ఫాబర్ పేరు వేయాలా, మార్చాలా అని అడిగితే, వేయిస్తున్న కకావో గింజల మీద నుంచి కళ్ళు ఎత్తలేదు. గరిటె ఆపింది. ఇక్కడ మనిషి పేరు చివర తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు రెండూ ఉంటాయి.

"వెయ్యి. కరబలీ అని పెద్దక్షరాల్లో వెయ్యి, వాళ్ళ నాన్న చూసుకోవాలి. వాళ్ళమ్మ ఇంటిపేరు మాత్రం వెయ్యకు. నా ఆపరేషనప్పుడు ఆవిడ నెల్లాళ్ళు రోజూ గిన్నెతో పులుసు మోసుకొచ్చింది, ఆవిడకి సిగ్గెందుకు?"